మూత మీద కూర్చున్న పిల్ల

నీళ్ళ పైపుల పని నేర్చుకోవడానికి చేరి రెండు నెలలు దాటినా చంద్రిక చేతికి ఒక్క చుక్క నీరు తగల్లేదు.

ముత్తంగి చౌరస్తాకు కాస్త ఇవతల, టైర్ల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది ఆ ట్రైనింగ్ సెంటర్. కింద లారీ ఆగినప్పుడల్లా పైన బెంచీలు వణికేవి. గోడకు ఒక చెక్క పలక, దాని మీద బిగించిన ప్లాస్టిక్ పైపు ముక్కలు, చివర ఒక నల్లా. ఆ నల్లా తిప్పితే గాలి కూడా వచ్చేది కాదు. మూలన ఒక పెద్ద ఇనుప వాల్వ్‌ను నిలువునా కోసి, లోపలి భాగాలకు ఎరుపు, నీలం రంగులు పూసి పెట్టారు. దాన్ని చూడొచ్చు గాని తిప్పకూడదు. తిప్పితే రంగు రాలిపోతుందని మేనేజర్ భయం.

చంద్రికది కంది పక్కన ఒక పల్లె. తండ్రి రాములుకు ఉన్న పొలంలో సగం రోడ్డు కింద పోయింది. మిగతా సగం కౌలుకిచ్చి ఆయన ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. చంద్రిక ఇంటర్ అయ్యాక పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయింది. తలకు టోపీ, మూతికి మాస్కు, పొద్దంతా నిలబడి డబ్బాల్లో గోలీల అట్టలు పెట్టడమే. పక్క పిల్లతో మాట్లాడితే తప్పు. అక్కడ ఎన్నేళ్ళు చేసినా నిన్న చేసిన పనే రేపు కూడా. చేతిలో ఏదైనా పనితనం ఉండాలన్న ఆలోచన ఆమెను గట్టిగా పట్టుకుంది. బస్టాపులో ఈ కోర్సు కాగితం కనబడగానే ఫోన్ చేసింది. నీళ్ళ లైన్లు, మురుగు లైన్లు, రెండింటి మరమ్మతు నేర్పిస్తామని అందులో ఉంది.

"మోరీలు కడిగే పనికి గూడ సదువా?" అంది నాయనమ్మ రాజవ్వ.

"కడుగుడు కాదవ్వా. భూమి కింద పైపు ఏడ పగిలింది, ఏడ జామైంది, అది తెలుసుకొని బాగుచేసుడు."

"గదే గద నేనన్నది," అని రాజవ్వ బియ్యం చెరగడంలో పడింది.

సెంటర్లో పాఠం చెప్పేది రామలింగేశ్వరరావు. ఎప్పుడో కుర్రతనంలో గోదావరి జిల్లా నుంచి పటాన్‌చెరు దగ్గరి రామచంద్రాపురం ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఇందులో చేరాడు. మనిషి మంచివాడు, బోర్డు మీద బొమ్మ వేస్తే అచ్చు గుద్దినట్టుండేది. కాని ఎంత మంచి బొమ్మ అయినా బొమ్మే.

"సార్, నిజం వాల్వ్ ఎప్పుడు తిప్పుతం?" అని చంద్రిక వారానికోసారి అడిగేది.

"సైట్‌కి పంపిస్తారమ్మా. అక్కడ అన్నీ తిప్పుదువుగాని."

ఆయన చెప్పిన పాఠాల్లో ఒకటి మాత్రం ఆమె తలలో మేకు కొట్టినట్టు దిగిపోయింది. మ్యాన్‌హోల్‌లో ఉండే విషవాయువు గురించి చెబుతూ ఆయన చాక్‌పీసు పక్కన పెట్టాడు. "కుళ్ళిన గుడ్డు వాసన వస్తే భయపడండి. ఆ వాసన ఉన్నట్టుండి ఆగిపోతే ఇంకా భయపడండి. గాలి బాగుపడి కాదు, మీ ముక్కు చచ్చిపోయి ఆగుతుంది. మనిషి వంతు ఆ తర్వాత."

మూడో నెలలో సైట్‌కి పంపారు. అమీన్‌పూర్ వైపు కొన్ని కాలనీల్లో నీళ్ళ లైన్లు, డ్రైనేజీ లైన్లు చూసుకునే ఒక కాంట్రాక్టర్ దగ్గర ఆమెకూ, తోటి ట్రైనీ శ్రావణ్‌కుమార్‌కూ పని పడింది. అక్కడ సూపర్‌వైజర్ నరసరాజు. భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. చెడ్డవాడనడానికి లేదు. పొద్దున్న లేచింది మొదలు ఫోన్లో కాలనీవాళ్ళ తిట్లు ఒక చెవిలో, ఆఫీసు తిట్లు ఇంకో చెవిలో పడేవి. అతని కింద పనివాళ్ళలో పెద్దవాడు లింగం. యాభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, ఎండిన తుమ్మకొమ్మలా ఉండేవాడు.

మొదటి రోజే నరసరాజు శ్రావణ్‌కు పానా ఇచ్చి, చంద్రికకు ఫోన్ చూపించాడు.

"నువ్వు ఫొటోలు తియ్యమ్మా. పని ముందు ఒకటి, పని తర్వాత ఒకటి. గ్రూపులో పెట్టు. అది చాలా ముఖ్యం."

"సార్, నేను పని నేర్సుకోవడానికి వచ్చిన."

"ఫొటో తియ్యడం కూడా పనే కదా. గుంతలోకి నువ్వెందుకు దిగడం, బట్టలు పాడైపోతాయి."

"పాడైతే పిండుకుంట సార్."

"రేపు చూద్దాం."

ఆ రేపు రాలేదు. శ్రావణ్ గుంతలో దిగి బోల్టులు విప్పేవాడు, ఆమె గట్టు మీద నిలబడి అతని వీపు ఫొటో తీసేది. సాయంత్రం తిరుగు బస్సులో శ్రావణ్ ఆ రోజు నేర్చుకున్నదంతా ఉత్సాహంగా చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూసేది. అతని మీద కోపం లేదు, కాని అతని గోళ్ళలో మట్టి చూస్తే కడుపు మండేది.

ఒకరోజు జీపు వెనక పెట్టెలో మ్యాన్‌హోల్‌లో గ్యాస్ కొలిచే మీటర్ కనబడింది. బటన్ నొక్కితే వెలగలేదు. చార్జింగ్ పెట్టి చూసింది, అయినా వెలగలేదు. ఫొటో తీసి గ్రూపులో పెట్టి, 'మీటర్ పని చేస్తలేదు సార్' అని రాసింది. నరసరాజు బొటనవేలు బొమ్మ పెట్టాడు. వారం తర్వాత మళ్ళీ పెట్టింది. మళ్ళీ బొటనవేలే.

లింగం మాత్రం ఆమెతో నాలుగు మాటలు మాట్లాడేవాడు. తినే వేళ చెట్టు కింద కూర్చొని ఏ మ్యాన్‌హోల్ ఎంత లోతో, ఏ లైన్ ఎటు వాలిందో చెప్పేవాడు. "ఈ దిక్కు లైన్లు మస్తు ఖరాబు బిడ్డా. ఎవడో దొంగచాటుగ ట్యాంకర్లు తెచ్చి ఫ్యాక్టరీ నీళ్ళు మ్యాన్‌హోళ్ళల్ల గుమ్మరిస్తడు. ఒకపారి మూత తీస్తే లోపట నీళ్ళు నీలం రంగుల ఉండె."

"దిగినవా కాకా అండ్ల?"

"దిగక? పైన ఇండ్లల్లకి ఎక్కుతుంటే ఊకుంటరా?"

ఆఖరికి ఆమె పోరు పడలేక, ఆమెకూ ఒక పని ఇమ్మని లింగమే ఒకరోజు నరసరాజును ఒప్పించాడు. ఒక వీధిలో నీళ్ళు సరిగా ఎక్కడం లేదు. ఎక్కడో లీకేజీ ఉంది, పైకి కనబడటం లేదు. ఇనుప కడ్డీ ఒక కొన వాల్వ్ మీద, రోడ్డు మీద అక్కడక్కడా ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని వినాలి. నీళ్ళు చీరుకొని పోతుంటే సన్నగా బుస్సుమనే చప్పుడు వస్తుంది.

చంద్రిక కడ్డీ పట్టుకుని వీధంతా తిరిగింది. ఆటోలు, మిక్సర్ లారీ, కూరగాయల బండి మైకు. అన్నిటి మధ్య ఒకచోట ఆమెకు ఆ చప్పుడు స్పష్టంగా వినబడింది. మళ్ళీ విన్నది. ఉంది.

"కాకా, ఇక్కడనే!"

లింగం విని, "చప్పుడైతే ఉంది," అన్నాడు. సిమెంటు రోడ్డు పగలగొట్టారు. నడుంలోతు తవ్వారు. పైపు కనబడింది. దాని చుట్టూ మట్టి పొడిగా, పిడికిట్లో పట్టుకుంటే రాలిపోయేలా ఉంది. కాసేపటికి లింగం పక్క గేటు తోసి లోపలికి తొంగిచూశాడు. ఆ ఇంటివాళ్ళు లైన్‌కు నేరుగా మోటార్ తగిలించి నీళ్ళు లాగుతున్నారు. ఆమె విన్నది ఆ మోటార్ నీటిని పీల్చే చప్పుడు.

"మా రోడ్డు పగలగొట్టింది ఎవరు?" అని కాలనీవాళ్ళు పోగయ్యారు. నరసరాజు వాళ్ళకు సర్దిచెప్పి, చెమట తుడుచుకుని, ఆమె వైపు చూడకుండానే, "ఫొటోలు తీసుకోమ్మా నువ్వు," అన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో ఆమె ముఖం చున్నీలో దాచుకుంది. ఇన్నాళ్ళు అవకాశం ఇయ్యలేదని మండిపడింది. ఇప్పుడు ఇస్తే ఇట్లయింది. ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తెలియక పళ్ళు నూరుకుంది.

కిష్టారెడ్డిపేట సంగతి జరిగింది ఆ తర్వాతి వారం.

అపార్ట్‌మెంట్ల మధ్య ఏటవాలు వీధి అది. ఎగువ మ్యాన్‌హోల్ పొంగి మురుగంతా రోడ్డు మీద పారుతోంది. కింది అంతస్తుల్లో బాత్రూముల్లోంచి పైకి తన్నుకొస్తోంది. జనం ముక్కులు మూసుకుని వీధిలో నిలబడ్డారు. జెట్టింగ్ మిషన్, అంటే నీటిని గట్టి వేగంతో కొట్టి అడ్డు తొలగించే బండి, వేరే కాలనీలో ఉంది, మధ్యాహ్నం దాటితే గాని రాదు.

లింగం పైనుంచి వెదురు బద్దలు దూర్చి పొడిచాడు. లాభం లేదు. దిగువన ఉన్న రెండో మ్యాన్‌హోల్ మూత గడ్డపారతో లేపి చూశారు. అందులో అడుగున కాస్త బురద తప్ప నీళ్ళు లేవు. అంటే అడ్డు ఈ రెండింటి మధ్య ఉంది. ఇందులో దిగి ఎగువ వైపు పొడిస్తే కదులుతుంది. ఇంతలో స్కూలు బస్సు హారన్ కొట్టింది. బస్సు పోవాలని మూత మళ్ళీ వేశారు.

"లింగం, రెండు నిమిషాల పని," అన్నాడు నరసరాజు. "దిగి ఒక్క పోటు పొడిచి వచ్చెయ్. ఆఫీసు నుంచి నాలుగుసార్లు ఫోన్ వచ్చింది."

లింగం అంగీ విప్పి జీపు మీద వేశాడు. శ్రావణ్ తాడు తెచ్చాడు. మిషన్ లేకుండా, గాలి పరీక్ష లేకుండా మనిషిని దింపకూడదని అక్కడున్న అందరికీ తెలుసు. శ్రావణ్‌కూ తెలుసు, ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని విన్నారు. చంద్రిక అతని వైపు చూసింది. అతను తాడు ముడి వైపు చూసుకున్నాడు.

"సార్, మీటర్ పని చేస్తలేదు. మిషన్ వచ్చేదాంక ఆగుదాం," అంది చంద్రిక.

"నువ్వు ఫొటో తియ్యమ్మా. దిగేది మాత్రం తియ్యకు."

"కాకా, దిగకు."

లింగం నవ్వాడు. "పరేషాన్ కాకు బిడ్డా. ఇందాక మూత తీసినప్పుడు ముక్కుకు జెర కొట్టింది, అంతే. మల్ల వాసనే లేకుండ పోయింది."

ఆ మాట వినగానే చంద్రికకు చాక్‌పీసు పక్కన పెట్టిన రామలింగేశ్వరరావు గుర్తొచ్చాడు. ఇందాక ఆమెకూ అంతే అయింది. మూత లేపగానే కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది, కాసేపటికి ఏమీ లేదు. గాలి బాగుపడిందో, ముక్కే పోయిందో తెలుసుకునే సాధనం ఏదీ అక్కడ లేదు.

"సార్, వాసన పోవుడే డేంజర్. మాకు క్లాసుల చెప్పిండ్రు."

"క్లాసులో చాలా చెబుతారు. మొన్న కడ్డీ పెట్టి లీకేజీ కూడా చెప్పావుగా, చూశాం."

పక్కన ఎవరో నవ్వారు. ఆమె చెవులు మండాయి. ఇంక చెప్పినా వినేవాళ్ళు లేరు. లింగం గడ్డపార తీసుకొస్తున్నాడు. చంద్రిక నాలుగు అడుగులు వేసి ఆ మూత మీద నిలబడింది. నిలబడితే పక్కకు జరిపేస్తారని తోచి కూర్చుంది.

ఎగువ నుంచి పారుతున్న మురుగు ఆమె చుట్టూ తిరిగి పోతోంది. సల్వార్ మోకాళ్ళ దాకా నానిపోయింది.

"ఏంటమ్మా ఇది? లే!" నరసరాజు గొంతు పెంచాడు.

"లేవను సార్."

"లెమ్మంటుంటే!"

"మిషన్ రానీయండి. లేస్త."

కింది అంతస్తులో ఉండే ఒకావిడ ముందుకొచ్చింది. "మా వంటింటి దాకా వచ్చేసిందండీ నీళ్ళు. మా అత్తగారు మంచం దిగలేని మనిషి. మీ గొడవలు మీరు తర్వాత పడండి, ముందు దాన్ని తీయించండి!" ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. ఆవిడ చెప్పేది అబద్ధం కాదు. ఆ కళ్ళలోకి చూస్తూ అలాగే కూర్చోవడం చంద్రికకు అన్నిటికంటే కష్టమైంది.

"అమ్మా, ఆ మనిషి అండ్ల పడిపోతే మీ ఇంట్ల నీళ్ళు పోతయా?" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది.

ఎవరో ఫోన్లో వీడియో తీయడం మొదలుపెట్టారు. మగపిల్లవాడైతే రెక్క పట్టుకుని లాగేసేవారు. ఆడపిల్ల అని ఇన్నాళ్ళు పని ఇవ్వని నరసరాజు, ఆడపిల్ల కాబట్టే ఇప్పుడు చెయ్యి వెయ్యలేక చుట్టూ తిరుగుతున్నాడు.

అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది లింగానికి.

"నా పనికి నువ్వెవరే అడ్డం?" అన్నాడు. 'బిడ్డా' అనలేదు. "ఇరవై ఏండ్ల సంది దిగుతున్న. నాకు తెల్వదా? గిన్ని మందిల నన్ను పిరికోని లెక్క నిలబెడుతున్నవ్."

"నువ్వు పిరికోడివని ఎవరన్నరు కాకా."

"నీకు ఇది ట్రైనింగ్. నాకు ఇది కూడు. లే ఇగ."

ఆమె లేవలేదు. తల వంచుకుని రామలింగేశ్వరరావుకు ఫోన్ చేసింది. ఆయన సంగతంతా విన్నాడు.

"నువ్వు చెప్పింది సరైనదే అమ్మా. కాని నువ్వు ట్రైనీవి. వాళ్ళు సెంటర్‌కి ఫిర్యాదు చేస్తే..."

"సార్, ఇప్పుడు లేవాల్నా వద్దా? అది చెప్పుండ్రి."

ఆయన స్కూటర్ తాళాలు తీసుకుంటున్న చప్పుడు వినబడింది. "లేవకు. వస్తున్నాను."

ట్రాఫిక్‌లో స్కూటర్ మీద ఆయన వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. ప్యాంటు పైకి మడుచుకుని మురుగులో నడిచి ఆమె పక్కకు వచ్చాడు. ఏం చెయ్యాలో ఆయనకూ తెలియదని ముఖం చూస్తే తెలుస్తోంది. ఎవరో దయతలచి తెచ్చిన ప్లాస్టిక్ స్టూలు ఆమెకిస్తే అక్కర్లేదంది. చివరికి దాని మీద ఆయనే కూర్చున్నాడు.

"ఎన్నో ఏళ్ళు సేఫ్టీ క్లాసులు చెప్పాను. ఇలా కూర్చోమని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు," అన్నాడు మెల్లగా.

తర్వాత ఫోన్ తీసి, పాత పరిచయాలు ఒక్కొక్కటి తవ్వి, జెట్టింగ్ మిషన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళను పట్టుకునే పనిలో పడ్డాడు. ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు, ఆ ఇంకొకరు భోజనానికి పోయారు. నరసరాజు కూడా వీధికి అవతలి పక్క నిలబడి అదే మిషన్ కోసం ఫోన్లు చేస్తున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మిషన్ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చంద్రిక లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి పడబోయింది. శ్రావణ్ చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు.

మూత తీసి గొట్టం లోపలికి వదిలారు. కాసేపు ఇంజను హోరు, తర్వాత లోపల గుభిల్లుమని చప్పుడు. పాత దుప్పటి, సిమెంటు సంచులు ఉండచుట్టుకుని బయటపడ్డాయి. ఎగువన నిలిచిన మురుగంతా ఒక్క ఊపున దిగిపోయింది. ఎవరూ గాలి కొలవలేదు. కొలవడానికి ఏముంది గనక. లోపల ప్రాణం తీసే గాలి ఉందో, మామూలు గాలే ఉందో ఎవరికీ తెలియకుండానే మూత మూసేశారు.

నరసరాజు చేతులు దులుపుకున్నాడు. "చూశావా, ఏం కాలేదు. దీనికోసం పూటంతా జనం నరకం పడ్డారు."

"ఎవరూ దిగలేదు కాబట్టి ఏం కాలేదు సార్," అంది. అప్పటికే అతను ఫోన్ ఎత్తుకుని పక్కకు పోయాడు.

మర్నాడు సెంటర్‌కు కబురు వచ్చింది. ఆ పిల్ల మాకు వద్దు, ఇకమీద ఆడపిల్లలెవర్నీ పంపొద్దు. మేనేజర్ ఆమెను పిలిచి, సైట్‌లో చెయ్యాల్సిన పని సగమే అయింది గనక ఈ బ్యాచ్‌తో సర్టిఫికెట్ రాదన్నాడు. రామలింగేశ్వరరావు వాదించాడు. బల్ల మీద చెయ్యి కూడా కొట్టాడు. మేనేజర్ నీళ్ళు తాగమని గ్లాసు జరిపాడు. అంతకు మించి ఏమీ కాలేదు. శ్రావణ్ పరీక్ష రాసి పాసయ్యాడు. ఆ చెక్క పలక మీద, నీళ్ళు రాని ఆ నల్లాకే పైపు బిగించి చూపించాడట.

వీడియో ఊళ్ళో కొందరి ఫోన్లలోకి కూడా వచ్చింది. మురుగులో కూర్చున్న పిల్ల అని ఎవరో అన్నారని రాములు రెండు రోజులు ఇంట్లో మాట్లాడలేదు. ఆఖరికి, "ఇగ చాలు, ఇంట్ల ఉండు," అన్నాడు. చంద్రిక అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఆమె ఏడుస్తున్నది మనసు నొచ్చి కాదు. తను చేసింది తప్పని ఎవరైనా నిరూపిస్తే ఒప్పుకునేది, ఒప్పని నిరూపిస్తే నిలబడేది. ఏదీ తేలకుండా గాల్లో వేలాడుతున్నందుకు ఒళ్ళు మండి ఏడ్చింది.

రాజవ్వ ఆ సల్వార్‌ను మూడోసారి ఉతికి ఆరేస్తూ కొడుకుతో అంది, "అది ఇంట్ల కూసుంటే ఎవడు బాగుపడతడ్రా? ఆ ముసలోడు బతికి ఇంటికి పోయిండా లేదా, గది సెప్పు."

"పోయిండే అవ్వా. దిగకపోతే పోడా?" అన్నాడు రాములు.

"మల్ల ఇంకేంది!" రాజవ్వకు ఆ లెక్క అక్కడికి తేలిపోయింది. చంద్రికకు తేలలేదు.

నెల తర్వాత రామలింగేశ్వరరావు ఇంకోచోట మాట్లాడి పెట్టాడు. కంది దగ్గర పొలాల పక్కగా తాగునీటి పైపులైన్ మరమ్మతు జరుగుతోంది. అక్కడి ఇంజనీర్ ఇంద్రజ ట్రైనీలను తీసుకుంటుంది. తర్వాతి బ్యాచ్‌తో సర్టిఫికెట్ ఇప్పిస్తానని మేనేజర్ దగ్గర మాట కూడా తీసుకున్నాడు. ఇంటికి దగ్గరే గనక రాములు అడ్డు చెప్పలేదు. ఇంద్రజ మాట కటువు. మొదటి వారం చంద్రికతో వాల్వ్ గుంతల్లో పేరుకున్న చెత్త ఎత్తించింది. రెండో వారం బోల్టులకు గ్రీజు పూయించింది. మళ్ళీ అదే గతి అనుకుని చంద్రిక లోలోపల ఉడికింది. కాని ఇక్కడ గట్టు మీద మాత్రం నిలబెట్టలేదు. మూడో వారం గుంతలోకి దింపి, రెండు పైపుల అంచులు కలిపి బిగించమంది.

ఆ రోజే లింగం ఫోన్ చేశాడు. పేరు చూసి ఆమె చాలాసేపు మోగనిచ్చింది. ఆ రోజు తర్వాత అతను ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

"బిడ్డా, నేను లింగంను."

"చెప్పు కాకా."

లింగం గొంతు తగ్గించి అన్నాడు. "ఇయాల మల్ల మిషన్ లేదంట. నరసరాజు దిగుమంటుండు. పక్కకొచ్చి చేస్తున్న ఫోన్. ఏమని చెప్పాలె వానికి?"

చంద్రిక గుంత అంచుకు ఆనుకుంది. చట్టం ఏం చెబుతుందో, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో, రావు సార్ చెప్పినవన్నీ నోటి దాకా వచ్చాయి. అవి చెప్పి ఉపయోగం లేదని ఆమెకు తెలుసు. తను ఆ రోజు చెప్పినప్పుడు ఎవరు విన్నారు?

"దిగనని చెప్పు కాకా."

"అంతేనా?"

"అంతే. రావు సార్‌తోని గూడ ఫోన్ చేపిస్త."

"అంతే అనుడు అల్కగనే ఉంటది. నోట్లె నుంచి వచ్చుడే కష్టం," అని లింగం ఫోన్ పెట్టేశాడు.

ఆమె వెంటనే రామలింగేశ్వరరావుకు చెప్పింది. ఆయన నరసరాజుకు చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నమంతా ఆమె చేతులు పని మీద ఉన్నాయి గాని చెవులు ఫోన్ మీదే ఉన్నాయి. సాయంత్రం పని ముగిసే వేళకు లింగం మళ్ళీ చేశాడు.

"చెప్పిన బిడ్డా. దిగనన్న. మస్తు తిట్టిండు."

"మల్ల?"

"ఇంకో కాలనీల నుంచి ఎవరో పిలగాన్ని పిలిపిచ్చిండు. ఆడు దిగిండు. పొడిసిండు, ఎక్కిండు. ఏం కాలే ఆనికి."

చంద్రిక కళ్ళు మూసుకుంది. ఎవరికీ ఏమీ కాలేదంటే సంతోషించాలి. సంతోషమూ వేసింది. దాని కింద మళ్ళీ అదే మంట. ఇప్పుడు నరసరాజు ఏమంటాడో ఆమెకు ఇక్కడి నుంచే వినబడుతోంది. ఆ పిల్లవాడు రేపు మళ్ళీ దిగుతాడు. వాడికి ఎవరు చెబుతారు?

"నేను చెప్పి నీ పని చెడగొట్టిన కాకా," అంది.

"గదేంది?" లింగం గొంతులో విసుగు ఉంది, కాని అది ఆమె మీద కాదు. "ఏం కాలే, సరే. రేపు గూడ కాకపోవచ్చు. అయినా నేను మాత్రం దిగ ఇగ. ఇంట్ల గూడ చెప్పిన. ఆ పిలగాని పేరు మహేంద్ర అంట. వాని నంబర్ తీస్కున్న. నేను చెప్తే వింటడో వినడో. నువ్వు గూడ ఒకపారి మాట్లాడు."

"పంపు కాకా."

గుంత బయటి నుంచి ఇంద్రజ కేకేసింది. "చంద్రికా! ఫోన్ తర్వాత. వాల్వ్ తెరుస్తున్నాం, నీ జాయింట్ దగ్గరే నిలబడి చూడు."

నీళ్ళు పైపులోకి గలగలమంటూ వచ్చాయి. పైపు చల్లబడింది. చంద్రిక వంగి అరచెయ్యి ఆనించింది. ఒక్క క్షణం పొడిగానే ఉంది. తర్వాత కింది వైపు నుంచి సన్నటి ధార ఆమె మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది.

"కారుతుంది మేడమ్," అంది.

"ఒకవైపు బోల్టులు ముందే గట్టిగా బిగించేశావు. అన్నీ విప్పు. మళ్ళీ మొదటి నుంచి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా."

వాల్వ్ మూశారు. చంద్రిక బుగ్గ మీది బురద భుజంతో తుడుచుకుని, పానా అందుకుని, తిట్టుకుంటూ మొదటి బోల్టు విప్పసాగింది.